నాలుగో తరగతికి ప్రమాణ శాస్త్రం అవసరమా?

మా అమ్మాయి చదివే నాలుగో తరగతికి ఈ ఏడాది కొత్తగా వచ్చిన టీచరు గారి వల్ల మా ఇంట్లో శాంతిభద్రతలు క్షీణించిన సంగతిని సాటి తల్లిదండ్రుల దృష్టికి తీసుకురావడం నా బాధ్యతగా భావిస్తున్నాను. ఆమె పిల్లలకు మూడంటే మూడే ప్రశ్నలు నేర్పారు. ఇది ఎవరు చెప్పారు? వారికెలా తెలుసు? ఇంకెవరైనా ఇదే చెబుతున్నారా? పదమూడో ఎక్కం నేర్పితే వారం తిరక్కుండా మరిచిపోయే పిల్లలకు ఈ మూడు ప్రశ్నలు మాత్రం ఒక్క పూటలో కంఠతా వచ్చేశాయి.

ఇందులో తప్పంతా ఆ టీచరు గారిదేనని నేననను. పరిసరాల విజ్ఞానం పాఠాలు ‘సమాచార నైపుణ్యాలు, ప్రాజెక్టు పని’ అని ఎంతో కాలంగా చెబుతూనే ఉన్నాయి. పెద్దలను అడిగి తెలుసుకుని పట్టికలో రాయమని పాఠ్యపుస్తకం పోరుతూనే ఉంది. అయితే దాన్ని నిజంగా చేసి చూపే దుస్సాహసానికి ఇన్నాళ్ళూ ఎవరూ ఒడిగట్టలేదు. ప్రాజెక్టు పని అంటే ఏమిటో మనకు తెలియనిదా? ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు, అన్నం తింటున్న పిల్లవాడికి, రేపే ప్రాజెక్టు ఇవ్వాలని గుర్తుకొస్తుంది. తండ్రి చెయ్యి కడుక్కుని జెరాక్సు షాపుకు పరుగెత్తుతాడు. షాపతను షట్టరు సగం దించి ఉంచి, ఏ తరగతి, ఏ పాఠం అని మాత్రమే అడిగి, కంప్యూటర్లో ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్న నాలుగు పేజీలను కలర్లో తీసి ఇస్తాడు. తల్లి వాటిని కత్తిరించి చార్టుకు అతికించి, స్కెచ్ పెన్నుతో అంచులు దిద్ది, అడుగున ‘ఆధారం: గూగుల్’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తుంది. ఈ లోపు పిల్లవాడు నిద్రపోతాడు. మార్కులు అందరికీ వస్తాయి. ఎవరికీ నష్టం లేని ఇంతటి చక్కని ఏర్పాటును మూడు ప్రశ్నల కోసం చెడగొట్టుకోవాలా అన్నదే నా ఆవేదన.

మొన్న మాకు చార్మినార్ వచ్చింది. ఆనవాయితీ ప్రకారం నేను నాలుగు పేజీలు తెచ్చాను. మా అమ్మాయి వాటిని అతికించకుండా చదివింది. నష్టం అక్కడే మొదలైంది. ఆ కాగితంలో ఎత్తు 56 మీటర్లని ఉంది. మేనత్త ఇచ్చిన పాత పుస్తకంలో 48.7 మీటర్లని ఉంది. 1591లో కట్టారన్న చోట ఇద్దరికీ పేచీ లేదు గానీ, ఎందుకు కట్టారన్న చోట ఒకరు ప్లేగు తగ్గినందుకన్నారు, ఇంకొకరు హిజ్రీ శకం వెయ్యో ఏడు వస్తున్నందుకన్నారు. “ఏది నిజం నాన్నా?” అని అడిగితే, రాత్రి పదిన్నర గంటలకు ఏ తండ్రి అయినా చేయగలిగిన పనే నేనూ చేశాను. రెండు ఎత్తులనూ కూడి, సగం చేసి, 52.35 మీటర్లని చెప్పాను. రెండు పుస్తకాలనూ సమానంగా గౌరవించిన ఆ జవాబు విని అది నా వైపు చూసిన చూపును నేను ఇక్కడ వర్ణించదలచుకోలేదు.

మన పూర్వులు ఈ సమస్యను ఆలోచించలేదనుకుంటే పొరపాటు. జ్ఞానానికి ప్రత్యక్షం (కళ్ళారా చూడడం), అనుమానం (గుర్తును బట్టి ఊహించడం), ఉపమానం (పోలిక), శబ్దం అని నాలుగు ప్రమాణాలు, అంటే తెలుసుకునే దారులు, ఉన్నాయని మన పాత తర్క శాస్త్రమైన న్యాయ శాస్త్రం ఏనాడో తేల్చింది. శబ్దమంటే ఆప్తుని మాట. ఆప్తుడంటే విషయం తెలిసి, తెలిసిన దానిని తెలిసినట్టుగా చెప్పేవాడు. ఈ సిద్ధాంతాన్ని మనం వదిలిపెట్టలేదు, ఇంటి వాడకానికి వీలుగా కాస్త సవరించుకున్నాం, అంతే. ఇప్పుడు ఆప్తులంటే మన ఫ్యామిలీ గ్రూపులో ఉన్నవాళ్ళు. శబ్ద ప్రమాణమంటే ఎవరి గొంతు పెద్దదైతే వారిదే నిజం.

ఆ గ్రూపు పరిస్థితి చెప్పడానికి నోరు రావడం లేదు. మా అన్నయ్య, అంటే దాని పెదనాన్న, మన జాతీయ గీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమ గీతంగా ప్రకటించిందనీ, గర్వపడేవాళ్ళు పదిమందికి పంపాలనీ ఓ ఉదయం మెసేజి పెట్టాడు. వాళ్ళమ్మ ఫోను చేతిలో ఉన్న ఈ పిల్ల వాయిస్ మెసేజిలో ఎంతో మర్యాదగా, “పెదనాన్నా, మీకిది ఎవరు చెప్పారు?” అని అడిగింది. వాళ్ళ ఆఫీసు సూపరింటెండెంటు గారట. ఆయనకెవరు పంపారంటే వాళ్ళ బావమరిదట. ఆ బావమరిదికి మా మేనమామ కొడుకు పంపాడట. వాడినీ వదలకుండా ఫోను చేస్తే, “నాకు నిరుడు పంద్రాగస్టుకు మీ పెదనాన్నే పంపాడమ్మా” అన్నాడు. తాము అలాంటి ప్రకటన ఏదీ చేయలేదని యునెస్కో వాళ్ళు 2008లోనే చెప్పారన్న సంగతి ఆ తర్వాత తేలింది. అన్నయ్య గ్రూపులోంచి వెళ్ళిపోయి, వదిన బతిమాలితే రెండు రోజులకు తిరిగొచ్చి, శుభోదయం పువ్వులు మాత్రం పెడుతున్నాడు.

దీన్ని మొక్కగా ఉన్నప్పుడే వంచకపోతే ఎంత దూరం వెళుతుందో లక్నోలో 2012లో జరిగింది చూడండి. గాంధీగారికి జాతిపిత అనే బిరుదు ఏ ఉత్తర్వుతో ఇచ్చారో చెప్పమని పదేళ్ళ అమ్మాయి ఒకతె సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టింది. అది ప్రధాని కార్యాలయం నుంచి హోం శాఖకు, అక్కడి నుంచి పాత ప్రభుత్వ పత్రాలు దాచే జాతీయ అభిలేఖాగారానికి వెళ్ళింది. ఇంత పెద్ద దేశంలో అలాంటి కాగితం ఒక్కటీ దొరకలేదు. అంతటితో ఆగిందా? హాకీని జాతీయ క్రీడగా ఎప్పుడు ప్రకటించారని అడిగింది. అసలు ఏ ఆటనూ అలా ప్రకటించలేదని క్రీడల మంత్రిత్వ శాఖ ఒప్పుకోవలసి వచ్చింది. నేను అయిదో తరగతిలో ‘హాకీ’ అని రాసి ఒక మార్కు తెచ్చుకున్నవాణ్ణి. ఇప్పుడా మార్కును ఎవరికి తిరిగి ఇవ్వాలి?

విన్నంత మాత్రాన వేగిరపడక, నిజమేదో కల్ల ఏదో తేల్చుకొమ్మని మనకు సుమతీ శతకంలోనే ఉందని కొందరు వాదించవచ్చు. ఉంది, నేనూ కాదనను. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు పిల్లల చేత చెప్పించడానికీ, భావం గైడులో చూసి బట్టీ పట్టించడానికీ ఆ పద్యాన్ని మించినది లేదు. ఆచరించడానికి కూడా అని మాకు ఎవరూ చెప్పలేదు. పోయిన వారం చుట్టాల ముందు ఆ పద్యం చెప్పమంటే మా అమ్మాయి చక్కగా రాగయుక్తంగా చెప్పి, “రాసింది బద్దెన అంటారు, కానీ పండితులందరూ ఒప్పుకోలేదట” అని చివర తగిలించింది. చుట్టాలు కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు.

అందుచేత ఆ మూడు ప్రశ్నలను బడి గేటు లోపలే వాడుకునేలా, మరీ తప్పనిసరైతే పక్కింటివాళ్ళ మీద వాడుకునేలా పిల్లలకు ఆంక్షలు విధించమని కోరదామని నిన్న టీచరు గారి దగ్గరకు వెళ్ళాను. ఆమె చార్మినార్ చార్టు తెచ్చి నా ముందు పరిచారు. మెరుపుల అంచు లేదు, కలర్ బొమ్మ లేదు. పెన్సిలుతో గీసిన నాలుగు మినార్లు, వాటి కింద ఒక పట్టిక. ఎవరు చెప్పారు, ఎంత చెప్పారు, ఎలా తెలుసు అని మూడు గడులు. మొదటి వరుసలో 56, రెండో వరుసలో 48.7, వాటి ఎదురుగా ఏ కాగితం, ఏ పుస్తకం, ఎన్నో పేజీ. మూడో వరుసలో ఇలా ఉంది: “నాన్న. 52.35 మీటర్లు. ఎలా తెలుసని అడిగితే టీవీ సౌండు పెంచారు.”

దాని పక్కన ఎర్ర పెన్నుతో పెద్ద టిక్కు ఉంది.