పసిపిల్లల్లో పనిచేస్తేనే గెలుపు

నోరోవైరస్ అంటే రెండు మూడు రోజులు వాంతులు, విరేచనాలు, ఆ తర్వాత మామూలే అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. ప్రపంచవ్యాప్తంగా ఏటా దాదాపు 68 కోట్ల మందికి ఇది సోకుతోందని, సుమారు 2 లక్షల మంది చనిపోతున్నారని అంచనా. వారిలో 50 వేల మంది పిల్లలు. 1972లోనే మైక్రోస్కోపుకు చిక్కిన ఈ వైరస్‌కు ఇప్పటికీ ఆమోదం పొందిన వ్యాక్సిన్ లేదు.

చిక్కంతా దాని రకాలతోనే. పది జీనోగ్రూపులు (జన్యువుల పోలికను బట్టి చేసిన పెద్ద గుంపులు), వాటిలో 40కి పైగా జన్యురకాలు. ఎక్కువగా కనిపించే, రెండో జీనోగ్రూపుకు చెందిన జీ2.4 రకం కొన్నేళ్లకోసారి పై పొరను మార్చుకుని కొత్త వేరియంట్‌గా వస్తుంది. ఒకదాన్ని పట్టే యాంటీబాడీ (వైరస్‌ను అడ్డుకునేందుకు శరీరం తయారుచేసే ప్రొటీన్) మరోదాన్ని గుర్తుపట్టకపోవచ్చు. పైగా 2016లో మానవ పేగు కణాలతో చేసిన నమూనాలు వచ్చేదాకా దీన్ని ల్యాబ్‌లో సరిగ్గా పెంచడమే కష్టమైంది.

అందుకే చాలా రకాలను ఒకేసారి గుర్తించే యాంటీబాడీలు మనుషుల రక్తంలోనే దొరకడం పెద్ద విషయం. 2021లో అమెరికాలోని వాండర్‌బిల్ట్, బేలర్ వైద్య సంస్థల శాస్త్రవేత్తలు వివరించిన నోరో-320 అనే యాంటీబాడీ రెండో జీనోగ్రూపులోని పలు రకాలను అడ్డుకుంది. వైరస్ మన కణాలను పట్టుకునే చోట కాకుండా, దానికి దూరంగా, పెద్దగా మారని భాగానికి ఇది అతుక్కుంటుంది. ఇంకో వింత ఏమిటంటే, పూర్తి యాంటీబాడీ కంటే దాని చిన్న ముక్కే జీ2.4పై గట్టిగా పనిచేసింది. తలుపు దగ్గర కాపలా కాస్తేనే దొంగను ఆపగలమన్న లెక్క ఇక్కడ తప్పింది. వైరస్ తేలిగ్గా మార్చుకోలేని చోటు ఏదో తెలిస్తే, వ్యాక్సిన్‌ను అక్కడికి గురిపెట్టవచ్చు.

కానీ ఇక్కడే ఒక జాగ్రత్త అవసరమని మేము భావిస్తున్నాం. పెద్దలకు ఈ వైరస్ జీవితంలో చాలాసార్లు సోకి ఉంటుంది. వాళ్లలో ఇలాంటి యాంటీబాడీలు ఉండటానికి ఆ పాత పరిచయం కూడా కారణం కావచ్చు. పసిబిడ్డకు ఆ పరిచయమే ఉండదు. 2024లో హిల్‌వ్యాక్స్ కంపెనీ వ్యాక్సిన్ శిశువులపై పరీక్షలో దాదాపు 5 శాతమే రక్షణ ఇచ్చింది. అదే వ్యాక్సిన్ అంతకుముందు పెద్దల్లో ఆశ రేపింది. ఈ వైఫల్యాన్ని ఆ కంపెనీ ఖాతాలో రాసి వదిలేస్తే సరిపోదు.

పెద్దల రక్తంలో యాంటీబాడీలు పెరిగాయన్న ప్రకటనతో సంబరపడటం మానాలి. ఏయే రకాలపై పనిచేసింది, ఎన్ని నెలలు నిలిచింది, అంతకుముందు వైరస్ సోకని పిల్లల్లో ఫలితమేమిటి? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు పరీక్షల నివేదికల్లో విడివిడిగా కనిపించాలి. పిల్లల మరణాలు ఎక్కువగా పేద దేశాల్లోనే కాబట్టి, అక్కడ తిరుగుతున్న రకాలపై నిఘాకు ప్రభుత్వాలు, ఆరోగ్య సంస్థలు ఇప్పుడే డబ్బు కేటాయించాలి. ఈలోగా సబ్బుతో చేతులు కడుక్కోవడమే మేలు. ఆల్కహాల్ శానిటైజర్ ఈ వైరస్‌పై అంతగా పనిచేయదు.