పానా పట్టిన చేతికి స్కానరు

కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిను గుర్తు వెలుగుతుంది. షెడ్డులో బండి కంప్యూటరు నమోదు చేసిన లోపాలను చదివే స్కానరు తగిలిస్తే ‘పీ0171’ అని కోడు వస్తుంది. ఇంజినులోకి వెళ్లే మిశ్రమంలో గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువైందని దాని అర్థం. మేస్త్రి, పొగలోని ఆక్సిజన్‌ను కొలిచి ఆ సంగతి చెప్పే ఆక్సిజన్ సెన్సరును మార్చేస్తాడు. బిల్లు వేలల్లో అవుతుంది. రెండు రోజులకు ఆ గుర్తు మళ్లీ ప్రత్యక్షం! చివరికి చూస్తే గాలి గొట్టానికి వెంట్రుకంత పగులు. పాపం, సెన్సరు చెప్పింది నిజమే. సాక్షినే దోషిని చేసి పంపేశారు.

ఇందుకు మేస్త్రిని నిందించి లాభం లేదు. ఆయన పని నేర్చుకున్న రోజుల్లో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరు విప్పి, అందులో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం (జెట్టు) నోటితో ఊది బిగిస్తే బండి కదిలేది. ఇంజిను చప్పుడు విని వాల్వు వదులైందని పట్టేసే చెవి ఆయనది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి రావడంతో చాలా మోటారు సైకిళ్లలో సైతం కార్బురేటరు పోయి, కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. కంపెనీలు తమ సర్వీసు సెంటర్ల సిబ్బందికి శిక్షణ ఇచ్చుకున్నాయి. ఆటోనగర్ షెడ్ల వైపు తొంగిచూసినవారు తక్కువ.

పదో తరగతి పాసైన పిల్లలకు ఐటీఐలలో రెండేళ్ల మోటారు మెకానిక్ కోర్సు, ఏడాది డీజిల్ మెకానిక్ కోర్సు ఎప్పటినుంచో ఉన్నాయి. విద్యుత్ వాహనాల ట్రేడూ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి పూనుకుంది. మెచ్చుకోవలసిన అడుగే. అయితే యంత్రం కొన్నంత మాత్రాన విద్య రాదు. కోత కోసి రంగులద్దిన ఇంజిను బొమ్మ ముందు అది పనిచేసే నాలుగు దశలు (స్ట్రోకులు) వల్లె వేయించడం ఇకనైనా తగ్గాలి. నడిచే బండిలో కావాలనే ఒక లోపం పెట్టి, వెతికి పట్టుకోమనాలి. పరీక్షా అదే కావాలి. కోడు చూసి సామాను మార్చడం ఎవరికైనా వస్తుంది. ఆ కోడు ఎందుకొచ్చిందో తేల్చేవాడే మెకానిక్.

విద్యుత్ కార్ల దగ్గర ఈ లోటు ప్రాణాల మీదికి తెస్తుంది. వాటి బ్యాటరీల్లో సాధారణంగా 300 వోల్టులకు పైనే ఉంటుంది. నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లేముందు రబ్బరు తొడుగులు వేసుకోవాలి, బ్యాటరీ విద్యుత్తును తెంచే సర్వీసు ప్లగ్గు తీయాలి, కెపాసిటర్లలో నిల్వ ఉన్న విద్యుత్తు దిగేదాకా ఆగాలి, మీటరు పెట్టి సున్నా అని రూఢి చేసుకోవాలి. తాకి చూసి తెలుసుకునే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు.

పనిచేసే చోటే పని నేర్పించే అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది. కానీ కనీసం నలుగురు పనిచేసే సంస్థలకే ఆ పథకంలో చోటు. ఒక మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్లు ఉండే షెడ్డు దాని గడప తొక్కలేదు. ఆటోనగర్‌లోని ఇలాంటి షెడ్లన్నిటినీ కలిపి ఒక శిక్షణ కేంద్రంగా గుర్తించాలన్నది మా సూచన. ఐటీఐ కుర్రాడు అక్కడ చెవికి పదును పెట్టుకుంటాడు, మేస్త్రి అతని దగ్గర స్కానరు చదవడం నేర్చుకుంటాడు.

చాలా ఐటీఐల వర్క్‌షాపులకు సాయంత్రమయ్యేసరికి తాళం పడుతుంది. షెడ్లలో చేతులు కడుక్కునేది రాత్రి ఏడు దాటాకే. మేస్త్రులూ వచ్చి నేర్చుకునేలా ఆ తాళం మరో రెండు గంటలు ఆలస్యంగా వేయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.