సిసిలీని వారంలో చుట్టేస్తానంటున్న ఎక్సెల్ షీటుకు బహిరంగ లేఖ

శ్రీయుత ఎక్సెల్ షీటు గారికి,

నమస్కారాలు. మీ పూర్తి పేరు "సిసిలీ ఫైనల్ ఫైనల్ 3" అని చూశాం. ఇటలీ దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపంలో మా కారు ప్రయాణం ప్లానంతా మీలోనే ఉంది. మొదటి వరసలో లావు అక్షరాలతో "తాపీ ట్రిప్" అని, దాని కిందే "6:45 చెక్ అవుట్" అని ఉంది. ఏడు రోజులు, పద్నాలుగు ఊళ్ళు, ఆరు రాత్రులు, ఆరు హోటళ్ళు. ఆ తాపీ ఏ మేస్త్రీ చేతిలోదో గానీ, బాగానే మెత్తుతోంది.

మీరు పుట్టింది షెంగెన్ వీసా కోసమని తెలుసు. రాత్రికొక హోటలు బుకింగ్ చూపిస్తే కాన్సులేటు వాళ్ళు సంతోషిస్తారని ఎవరో చెప్పి ఉంటారు. ఒకే హోటల్లో నాలుగు రాత్రులున్నా వాళ్ళకేమీ అభ్యంతరం లేదు. వీసా వచ్చాక మీరు రిటైరవుతారనుకుంటే, ఏకంగా డ్రైవరు పక్క సీటెక్కి కూర్చున్నారు.

మీ లెక్క కాకి లెక్క అనలేం. మధ్యధరా సముద్రంలో సిసిలీకన్నా పెద్ద ద్వీపం లేదు. తీరం పట్టుకుని ఒక చుట్టు కొడితే దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఏడుతో భాగిస్తే రోజుకు 143. భాగహారం సరే, ఆ 143లో హైవే ఎంత, కొండ దారి ఎంత అన్న గడి మాత్రం మీ దగ్గర లేదు. తూర్పు తీరంలోని కతానియా నుంచి ఉత్తర తీరంలోని పలెర్మోకు ఏ19 హైవే మీద 200 కిలోమీటర్లు రెండున్నర గంటల్లో పోవచ్చు, టోల్ కూడా లేదు. కానీ లోపలి కొండలు చాలావరకు బంకమట్టి. వాన పడితే జారతాయి. 2015 ఏప్రిల్‌లో అలాగే కొండ జారి ఏ19 మీద హిమెరా వంతెన స్తంభాలు ఒరిగిపోయాయి. కొత్త వంతెన మీద బండ్లు పోవడానికి 2020 దాకా పట్టింది. హైవే గతే అదైతే, ఎస్.పి. అని నంబరేసిన జిల్లా రోడ్ల సంగతి చెప్పేదేముంది. పసుపు బోర్డు మీద "ఫ్రానా" అని కనిపిస్తే ముందు రోడ్డు కుంగిందనో, సగమే మిగిలిందనో అర్థం చేసుకోవాలి. ఎస్.పి. దారి ఎక్కినప్పుడల్లా మ్యాపు చెప్పిన సమయానికి మూడో వంతు కలపండి. ఒక గడిలో ఒక ఫార్ములా, అంతే. మీకు చేతనైన పనే.

ఇక అసలు లోపం. మీ రోజుకు రాహుకాలం లేదు. మనది గంటన్నరే, సిసిలీది మూడు గంటలు: ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా. చిన్న ఊళ్ళలో చర్చిల తలుపులు, కిరాణా కొట్లు, మందుల షాపులు చాలావరకు మూతపడతాయి. సరిగ్గా ఆ వేళకే మీరు "1:30 నోతో, చర్చిలు, షాపింగ్" అని రాశారు. నోతో ఊరంతా 1693 భూకంపం తర్వాత తేనె రంగు రాతితో తిరిగి కట్టుకున్నారు, చూసి తీరాలి, ఒప్పుకుంటాం. మధ్యాహ్నం రెండింటికి చూస్తే ఎండా, మూసిన తలుపులూ తప్ప ఏమీ ఉండవు. అదే వీధిలో సాయంత్రం అయిదున్నరకు నిలబడితే రాళ్ళ రంగు మారుతుంది, తలుపులు తెరుచుకుంటాయి, ఊరి జనమంతా బయటికొస్తారు. రాత్రి భోజనం ఏడున్నరకు ముందు దొరకదు. మీరేమో ఏడింటికల్లా తరవాతి ఊళ్ళో చెక్ ఇన్ పెట్టారు.

పార్కింగ్‌కు మీరిచ్చిన సమయం సున్నా నిమిషాలు. "10:00 సిరకూజా చేరిక, 10:00 ఓర్తీజా నడక." మధ్యలో బండిని ఎవరు మాయం చేస్తారు? గోడ వారన ఉన్న గీత రంగు చూడాలి. తెల్లగీతైతే ఉచితం. నీలమైతే యంత్రంలో డబ్బులేసి చీటీ తీసి అద్దం వెనక పెట్టాలి. పసుపుగీత అక్కడివాళ్ళకో, వికలాంగులకో కేటాయించింది, ఆశ పడొద్దు. సిరకూజాలోని పాత ఊరు ఓర్తీజాకు తలేతే అనే పెద్ద పార్కింగ్ ఉంది, లోపలి సందుల జోలికి పోకుండా అక్కడ పెట్టి నడవొచ్చు. తావోర్మీనాకైతే లుంబీ గానీ పోర్తా కతానియా గానీ, రెండూ పాత ఊరి గుమ్మం బయటే.

ఆ సందుల జోలికి ఎందుకు పోకూడదో కూడా చెప్పాలి, మీ మ్యాపు ఎలాగూ చెప్పదు. పాత ఊళ్ళ నడిబొడ్డున జెడ్.టి.ఎల్. ఉంటుంది, బయటి బండ్లకు ప్రవేశం లేని ప్రాంతం. మొదట్లో ఎర్ర అంచుతో గుండ్రటి తెల్ల పలక, దాని కింద వేళలు, పైన స్తంభానికి కెమెరా, కొన్నిచోట్ల ఒక ఎలక్ట్రానిక్ బోర్డు. ఆ బోర్డు మీద "వార్కో అత్తీవో" అని వెలిగితే కెమెరా పని చేస్తోంది, లోపలికి రావొద్దు అని. గేటు తెరిచారేమోనని సంబరపడి దూరిపోయేవాళ్ళు రోజూ ఉంటారు. ఎవరూ ఆపరు, ఈల వేయరు, హాయిగా తిరిగొస్తారు. నెలల తర్వాత కారు అద్దెకిచ్చిన కంపెనీ మీ వివరాలు పోలీసులకు పంపినందుకు కార్డులోంచి రుసుము లాగుతుంది. అది జరిమానా కాదు, జరిమానా వస్తోందన్న కబురుకు ఖరీదు. అసలు నోటీసు విదేశాల్లో ఉన్నవాళ్ళకు 360 రోజుల్లోపు ఎప్పుడైనా రావొచ్చు. ఒక్కో గుమ్మానికి ఒక్కో జరిమానా, 80 యూరోల పైచిలుకు, పైగా తపాలా ఖర్చు. అందిన అయిదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గింపు. వెళ్ళిన దారిలోనే తిరిగొస్తే రెండోసారీ ఫొటో దిగినట్టే. హోటలు ఆ ప్రాంతం లోపల ఉంటే బండి నంబరు ముందుగా వాళ్ళకిచ్చి, మున్సిపాలిటీ జాబితాలో ఎక్కించమనాలి. అన్ని హోటళ్ళకూ ఆ వీలుండదు, బుక్ చేయకముందే అడగాలి.

బండి గడిలో "7 సీటర్" అని ఉంది. మూడో వరస సీటు లేపితే డిక్కీలో స్కూల్ బ్యాగు పట్టడం గగనం. ఆరుగురి సూట్‌కేసులు ఎక్కడ పెడతారో ఆ గడిలో రాయలేదు. పైగా మోదికాలో, రగూజాలోని పాత ఊరు ఇబ్లాలో అద్దాలు మడుచుకుని దూరాల్సిన సందులున్నాయి. ఫియట్ పాండా లాంటి చిన్న బండ్లు రెండు తీసుకుంటే ఖర్చు కాస్త ఎక్కువైనా ప్రాణం సుఖం. మన లైసెన్సుతో పాటు ఆర్.టి.ఓ. ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ ఉండాలి, దాని గడువు ఏడాదే. క్రెడిట్ కార్డు నడిపేవాళ్ళ పేరు మీదే ఉండాలి. మామయ్య కార్డు, బావగారి స్టీరింగు అంటే కౌంటర్ దగ్గర కుదరదు. బండి తీసుకునేటప్పుడు టైర్ల చుట్టూ ఉండే రిమ్ములు, బంపరు కింది అంచు, పైకప్పు, అన్నీ వీడియో తీయాలి. గీతలు ఎక్కువగా రిమ్ముల మీదే పడతాయి, ఫుట్‌పాత్ రాళ్ళకు రాసుకుని. ఇంకోటి: అక్కడ ఇండికేటరు ఎడమచేతి వైపుంటుంది. మన మారుతీలు, హ్యుందాయ్‌లు అలవాటైన చేతికి మొదటి రెండ్రోజులు ప్రతి మలుపులోనూ వైపర్లే తిరుగుతాయి. వెనకాల వచ్చేవాడికి వాన ఎక్కడ పడుతోందో అర్థం కాదు.

పెట్రోలు బంకులో "సెర్వీతో" అన్న పంపు దగ్గర మనిషి వచ్చి పోస్తాడు, లీటరుకు ఎక్కువ ధర. మనమే పోసుకునేది "ఫై ద తే". మధ్యాహ్నం మనుషులుండరు, యంత్రమే. కార్డు పెడితే పోసుకున్నదానికన్నా ఎక్కువ మొత్తం కొన్నాళ్ళు ఆపి ఉంచవచ్చు. కంగారు పడొద్దు, మిగిలింది తిరిగొస్తుంది. బెంజీనా అంటే పెట్రోలు, గసోలియో అంటే డీజిలు. ఇది తప్పితే మాత్రం మీ షీటు మొత్తం రద్దు.

స్కొపెల్లో నుంచి సాన్ వీతో లో కాపోకు "7 కి.మీ., 10 నిమిషాలు" అన్నారు. ఏడు కిలోమీటర్లంటే ఆ మధ్యలో తీరం వెంట ఉన్న కాలిబాట పొడవు, ఊరికీ ఊరికీ మధ్య కారు దూరం కాదు. ఆ తీరం వెంట కారు రోడ్డు వేయబోతే 1980 మేలో వేలమంది వచ్చి వద్దని నడిచారు. పని ఆగిపోయి, మరుసటి ఏడు అది జింగరో అభయారణ్యం అయింది, సిసిలీలో మొట్టమొదటిది. తవ్వడం మొదలెట్టిన సొరంగం స్కొపెల్లో వైపు ద్వారం దగ్గర ఇప్పటికీ అలాగే ఉంది. బండిలో అయితే చుట్టూ తిరిగి రావాలి, సుమారు గంట. అంతకన్నా బండి అక్కడే వదిలి, నీళ్ళు రెండు లీటర్లు పట్టుకుని, మొదటి గులకరాళ్ళ బీచి దాకా నడిచి, కాసేపు ఈదుకుని వెనక్కి రావడం నయం. లోపల దుకాణం లేదు.

ఎట్నా అగ్నిపర్వతానికి 45 నిమిషాలిచ్చారు, అదీ బీచి తర్వాత మధ్యాహ్నం. బండి ఆపే చోటు రిఫూజో సాపియెంజా 1,900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కణ్ణుంచి కేబుల్ కారు 2,500 దాకా తీసుకెళుతుంది. గాలి లేస్తే ఆపేస్తారు. పొద్దెక్కేకొద్దీ మబ్బు పడుతుంది. పొద్దున్నే వెళ్ళాలి, స్వెట్టరుతో.

అగ్రిజెంతోలో ప్రాచీన గ్రీకు దేవాలయాల లోయకు ఇచ్చిన గంట కూడా చాలదు. పైన జూనోనె గేటు దగ్గర బండి పెట్టి, సాయంత్రం దిగువకు నడిస్తే కాళ్ళకు సుఖం, ఎండ కూడా తగ్గి ఉంటుంది. క్రీ.పూ. 5వ శతాబ్దపు కొంకోర్దియా గుడి అంత నిలకడగా ఉండడానికి కారణం, క్రీ.శ. 6వ శతాబ్దంలో దాన్ని చర్చిగా మార్చడం. కింది గేటు నుంచి పైకి టాక్సీ దొరుకుతుంది.

భోజనం గడిలో "పిజ్జా" అని ఏడుసార్లు కాపీ కొట్టారు. శాకాహారులకు ఇంతకన్నా మంచి ద్వీపం మరొకటి కష్టం. కతానియాలో వంకాయ, టమాటా, ఉప్పు రికోటా చీజ్‌తో పాస్తా అల్లా నోర్మా. పలెర్మోలో పనెల్లె: శనగపిండిని ఉడికించి, పలచగా పరిచి, ముక్కలు కోసి వేయించి నువ్వుల బన్నులో పెడతారు. జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. మందపాటి పిజ్జా లాంటి స్ఫిన్‌చోనెలో చేప ఉంటుంది, రికోటా నింపే తీపి గొట్టం కన్నోలీ పిండిలో సంప్రదాయంగా పందికొవ్వు కలుపుతారు, అన్నం ఉండల్ని వేయించిన అరంచీనీ అడిగితే మాంసంతోనే వచ్చే అవకాశం ఎక్కువ. "సెంజా కార్నె" అంటే మాంసం మాత్రమే తీసేస్తారు, చేప పెడతారు. "సెంజా పేషె" కూడా అనాలి. పొద్దున బాదం మంచుముద్ద గ్రనీతా, మెత్తటి బన్ను బ్రియోష్ ముందు కూర్చోవడానికి కనీసం అరగంట కావాలి, కాబట్టి 6:45 చెక్ అవుట్ ఎవరిదో వాళ్ళే లేచి చేసుకోవాలి.

ఏడు రోజులే ఉంటే ఆగ్నేయ మూలే చాలు. సిరకూజాలో నాలుగు రాత్రులు, రగూజాలో రెండు, నోతో, మోదికా పగటిపూట, పడమర వైపు మరోసారి. పది రోజులుంటే కతానియాలో దిగి పలెర్మోలో విమానం ఎక్కండి. మధ్యలో మూడే మకాములు: సిరకూజా, అగ్రిజెంతో, పడమటి కొసన త్రాపనీ దగ్గర ఎక్కడైనా. సిరకూజా నుంచి అగ్రిజెంతోకు దాదాపు మూడు గంటల దారి. అడ్డం తిరిగి కల్తజిరోనెలో 142 పింగాణీ మెట్లు, పియాజా అర్మెరీనా పక్కన రోమన్ విల్లాలో నేల మీది మొజాయిక్‌లు చూస్తే ఆ రోజు అయిపోయింది, ఇంకేమీ రాయకండి. పలెర్మోలోకి బండితో దిగొద్దు, విమానాశ్రయంలోనే అప్పగించి రైల్లోనో బస్సులోనో ఊళ్ళోకి వెళ్ళాలి. వేరే ఊళ్ళో అప్పగిస్తే అదనపు రుసుము వేస్తారు, వెనక్కి నడిపే రోజు ఖరీదుతో పోలిస్తే అది చవక.

ఆ పది రోజుల్లో నాలుగో రోజు, ఎనిమిదో రోజు గడులు ఖాళీగా వదలండి. మీకు ఊపిరాడదని తెలుసు. పసుపు రంగు వేసి లాక్ చేస్తాం, పాస్‌వర్డ్ మీకివ్వం.

ఇట్లు,
మూడో వరస సీట్లో సూట్‌కేసుల మధ్య కూర్చోబోయేవాళ్ళు