తాఖీదులో కర్త ఎక్కడ?

ప్రభుత్వ కార్యాలయాల తెలుగు అర్థం కాదన్న ఫిర్యాదు పాతదే. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది, ఉత్తర్వులు తెలుగులోనే ఇవ్వాలని ప్రభుత్వాలు పదే పదే ఆదేశించాయి. అయినా ఫిర్యాదు తీరలేదు. కఠినమైన పదాలే ఇందుకు కారణమని, ఇంగ్లిష్ పరిపాలనా పదాలకు సులువైన తెలుగు మాటలు దొరికితే చిక్కు విడిపోతుందని చాలామంది నమ్మకం. ఈ నిర్ధారణ తప్పని నా అభిప్రాయం. పదాన్ని ఎంత తేలిక చేసినా, ఎవరు నిర్ణయించారో, ఎందుకు నిర్ణయించారో, ఇక ఎవరు ఏం చేయాలో చెప్పకుండా ముగిసిపోయే వాక్యం అర్థం కాదు. మన కార్యాలయ రచనకు పట్టిన అసలు జబ్బు అదే.

ఏ శాఖలోనైనా కింది స్థాయి ఉద్యోగి చేతికి వచ్చే సంజాయిషీ మెమో దాదాపు ఈ ధోరణిలో ఉంటుంది: “విధి నిర్వహణయందు తీవ్ర అలసత్వము వహించినట్లు పరిశీలనలో వెల్లడైనందున, తమపై శాఖాపరమైన చర్యలు ఏల గైకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది.” ఇందులో ఆ ఉద్యోగికి తెలియని మాట ఒక్కటీ లేదు. అయితే అలసత్వం ఏ రోజు, ఏ పనిలో జరిగిందో లేదు, పరిశీలించింది ఎవరో లేదు, దేని ఆధారంగా ఆ నిర్ణయానికి వచ్చారో లేదు. దేనికి జవాబివ్వాలో తెలియని మనిషి తోచిన పొరపాట్లన్నిటికీ ముందే క్షమాపణ రాసి ఇస్తాడు, ఆ కాగితమే తర్వాత అతనిపై సాక్ష్యంగా మారుతుంది. అదే మెమోను “మార్చి 4, 5 తేదీల్లో మీరు సెలవు పెట్టకుండా విధులకు రాలేదని హాజరు పట్టీ చూసి గుర్తించాను. కారణాన్ని ఏడు రోజుల్లోగా నాకు రాతపూర్వకంగా తెలపండి” అని రాయవచ్చు. అలా రాయాలంటే పై అధికారి ముందుగా హాజరు పట్టీ తెరిచి చూడాలి, తేదీలు సరిపోల్చుకోవాలి, “గుర్తించాను” అని తన పేరు మీద ఒప్పుకోవాలి. అస్పష్టంగా రాసే అలవాటు ఇంతకాలం నిలవడానికి కారణం ఇక్కడే ఉంది: ఆ పని చేయకుండానే కాగితం కదిలిపోయే వెసులుబాటును అది ఇస్తోంది.

చట్టం మాత్రం ఈ వెసులుబాటు ఇవ్వలేదు. 1991 నాటి సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నియమావళి అభియోగాలను నిర్దిష్టంగా, విడివిడిగా పేర్కొనాలంటోంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. దరఖాస్తును తిరస్కరించే అధికారి ఎందుకు తిరస్కరిస్తున్నారో, ఎన్ని రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చో, ఆ అప్పీలు ఎవరికి పంపాలో చెప్పి తీరాలని సెక్షన్ 7లోని 8వ ఉపవిభాగం ఆదేశిస్తోంది. మంచి కార్యాలయ లేఖకు ఇంతకన్నా గొప్ప నమూనా నాకు తెలియదు. ఇల్లు, పింఛను, పట్టా, రేషన్ కార్డు, ఏ దరఖాస్తును తిరస్కరించినా ఆ మూడు సంగతులూ ఆ కాగితంలోనే ఉండాలి. “నిబంధనల మేరకు అనర్హులుగా గుర్తించడమైనది” అన్న ఒక్క ముక్క చేతికొచ్చిన మనిషి ఏ నిబంధనో తెలియక మళ్లీ ఆఫీసు మెట్లెక్కుతాడు, అక్కడా జవాబు దొరక్కపోతే బయట కాచుకున్న దళారీకి డబ్బిస్తాడు. లేఖలో రాయని సమాచారమే దళారీ అమ్ముకునే సరుకు.

చట్టపరమైన పత్రాలను వాడుక మాటల్లో రాస్తే కోర్టులో నిలబడవని, పాత పదబంధాలకు స్థిరమైన అర్థం ఉందని అనుభవజ్ఞులైన ఉద్యోగులు అంటారు. పట్టా, అడంగల్, పంచనామా వంటి మాటల విషయంలో వారి మాట నిజమే, వాటిని ఎవరూ మార్చనక్కర్లేదు. కానీ “తగు చర్య” అన్న మాటకు ఏ స్థిరమైన అర్థం ఉంది? స్పష్టత లేని అభియోగాలతో నడిపిన విచారణలను కోర్టులు కొట్టేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. హైకోర్టు తీర్పే అర్థం కాలేదంటూ 2022లో స్టేట్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, తీర్పు ఎలా రాయాలో వివరంగా చెప్పింది. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో వడ్డీ, రుసుములన్నిటితో కూడిన ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2024లో నిబంధన పెట్టింది. రుణ ఒప్పందం కన్నా మన మండల కార్యాలయం నోటీసు సంక్లిష్టమైనదేమీ కాదు.

భాషాభిమానులు ఈ విషయాన్ని పట్టించుకోకపోవడం నన్ను ఇంకా ఎక్కువగా బాధిస్తోంది. గిడుగు రామమూర్తి పుట్టినరోజైన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం, ప్రాచీన వైభవం గురించి మాట్లాడుకుంటాం. వాడుక భాష కోసం ఆయన పోరాటం వల్ల పాఠ్యపుస్తకాలు మారాయి, పత్రికలు మారాయి. సామాన్యుడు తప్పక చదవాల్సిన కాగితం, అంటే ప్రభుత్వం అతని పేరు మీద పంపే కాగితం, మారలేదు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా పౌరుడు తన గోడు చెప్పుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణంలో హామీ ఇచ్చింది. అంత హక్కుతో రాసుకున్న అర్జీకి వచ్చే జవాబు ఆ మనిషికి అర్థం కానప్పుడు, తెలుగు బతికుందా లేదా అన్న చర్చ సభల్లో ఎంత జరిగినా ఏం లాభం?

పాత నమూనాలో పేరు, తేదీ మార్చి కొత్త లేఖ పంపే పద్ధతి, ఫైళ్లను కంప్యూటర్లో నడిపే ఈ-ఆఫీసు వచ్చాక మరింత సులువైంది. అదే సౌలభ్యాన్ని ఇటు తిప్పుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ముందుగా సంజాయిషీ మెమో, దరఖాస్తు తిరస్కరణ, బకాయి నోటీసు అనే మూడు నమూనాలను తీసుకుని, వాటిని ఇంగ్లిష్ నుంచి తర్జుమా చేయించకుండా నేరుగా తెలుగులో రాయించాలి. నిర్ణయించిన అధికారి హోదా, కారణం, గడువు, అప్పీలు చేయాల్సిన చోటు నింపనిదే లేఖ ముందుకు కదలకుండా ఆ గడులను తప్పనిసరి చేయాలి. విడుదల చేసే ముందు ఆ నమూనాలను గ్రామ సచివాలయానికో పంచాయతీ కార్యాలయానికో పనిమీద వచ్చిన వారి చేత చదివించి, వారికి అర్థం కాని ప్రతి వాక్యాన్నీ తిరిగి రాయించాలి.