పని ఎందుకు ఆగింది?

మొన్న సంక్రాంతికి ఒడిశాలోని బరంపురం నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మన వీధిలోనే ఇల్లు. బాగుచేయించడం మొదలెట్టి సగంలో వదిలేశారు. చవగ్గా ఇస్తారట. నువ్వు తీసుకో, మిగతా పని నేను చూసుకుంటాను." ఫొటోలూ పంపాడు. కింద తాతల నాటి సున్నపు గోడలు, రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి గదులు. పైన కొత్త పిల్లర్లు, వాటి నెత్తిన జుట్టు విరబోసుకున్నట్టు ఇనుప చువ్వలు.

నేను కొనలేదు. విదేశంలో ఉన్న మన తెలుగు సంఘంలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వాళ్లం చాలామందిమి ఉన్నాం, ఇలాంటి ఫోన్లు మీకూ వస్తాయి.

ధర అందరూ అడుగుతారు. పని ఎందుకు ఆగిందో మాత్రం అడగరు. డబ్బు చాలక ఆగితే బేరమాడొచ్చు. అన్నదమ్ముల తగువైతే అందరి సంతకాలూ పడేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. మావాడు రెండు రోజులు నసిగి అసలు సంగతి చెప్పాడు. పక్కింటికీ ఈ ఇంటికీ గోడ ఒకటే. పైన బరువు పడగానే వాళ్ల పడగ్గదిలో బీట వచ్చిందట. కొంటే ఆ తగువూ నాదే.

ఇక ఆ చువ్వలు. నాలుగు వానాకాలాలు తడిశాయి, పైగా గోపాల్‌పూర్ సముద్రం ఎంతో దూరం లేదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. గీకి రంగేస్తే చాలంటాడు మేస్త్రి. మన డబ్బుతో పెట్టుకున్న స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి చెప్పేదాకా నేనైతే నమ్మను. 2013లో ఫైలిన్ తుపాను తీరం దాటింది కూడా గోపాల్‌పూర్ దగ్గరే.

"ముప్పాతిక పని అయిపోయింది" అన్న మాటా అంతే. కంటికి కనబడేవి గోడలు, శ్లాబు. టైల్సు, తలుపులు, వైరింగు, ప్లంబింగు దగ్గరే జేబు ఖాళీ అవుతుంది.

కాగితాల సంగతి. 1936 దాకా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు కింద ఉండేది కాబట్టి ఆ ఇంటి పాత దస్తావేజు తెలుగులో ఉంది. ఇప్పటి పట్టా ఒడియాలో ఉంది, నాకు అక్షరమ్ముక్క రాదు. అందులో కిసం, అంటే భూమి రకం, 'ఘరబారి' (ఇంటి స్థలం) అని ఉందో లేదో చదివించుకోవాలి. ఎందుకంటే ఎన్నారైలు, విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డున్నవాళ్లు ఇల్లయితే కొనొచ్చు గానీ వ్యవసాయ భూమి కొనకూడదు. రాయగడ, కొరాపుట్ జిల్లాల వైపైతే ఇంకా జాగ్రత్త. అవి షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదకు మారదు. బినామీ పేరుతో నడిపిద్దామనే పెద్దమనిషి ఒకడు ప్రతి ఊళ్లోనూ తగులుతాడు.

అమ్మేటప్పుడు ఇంకో మెలిక ఉంది. 2024 జులై నుంచి దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను, ఇండెక్సేషన్ (పెరిగిన ధరలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కేయడం) లేదు. పాత ఆస్తులకు పాత లెక్క ఎంచుకునే వీలు ఇండియాలో ఉండేవాళ్లకే. బాగుచేయించిన ఖర్చు తీసేసుకోవాలంటే బిల్లులుండాలి. మా బంధువులు నడిపించే పనిలో బిల్లు అడిగితే అలుగుతారు.

ఆ ఇల్లు ఇంకా అలాగే ఉంది. ధర ఇంకో రెండు లక్షలు తగ్గించారని పోయిన వారం మావాడు మళ్లీ ఫోన్ చేశాడు. గోడ సంగతి ఏమైందిరా అంటే, పిల్లలెలా ఉన్నారు అన్నయ్యా అన్నాడు.