జైల్లో జబ్బు పడాలంటే ముందు బందోబస్తు క్యాలెండర్ చూసుకోవాలి

ఖైదీ సోదరులకు ముందుగా ఒక మనవి. మీకు కడుపునొప్పి వస్తానంటే రానివ్వండి, ఎవరూ కాదనరు, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం మీ గోడల లోపల కూడా పనిచేస్తుందని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. కాకపోతే నొప్పి వచ్చే ముందు కాస్త క్యాలెండర్ చూసుకోండి. వినాయక నిమజ్జనం వారంలో వద్దు. ముఖ్యమంత్రి గారి జిల్లా పర్యటన ఉంటే అసలే వద్దు. ఉప్పల్‌లో మ్యాచ్, ఎవరో హీరోగారి ప్రీ రిలీజ్ ఫంక్షన్, అసెంబ్లీ సమావేశాలు, గ్రూప్స్ పరీక్షలు, ఎక్కడో ఉప ఎన్నిక, వీటిలో దేనికీ అడ్డం రాకుండా ఖాళీగా ఉన్న ఏ మంగళవారమో చూసుకుని నొప్పి తెచ్చుకున్నారంటే, మిమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి పోలీసు ఎస్కార్ట్ దొరికే అవకాశం ఉంది. అవకాశం అన్నాను, గ్యారంటీ అనలేదు.

ఈ గోల ఎందుకంటే, మా వీధిలో ఒకావిడ ఉంది. భర్త పొలం గట్టు తగాదాలో రిమాండ్‌లో ఉన్నాడు, కేసు ఇంకా విచారణ దాకా రానేలేదు. ఆయనకి లోపలికి వెళ్లకముందు నుంచే కిడ్నీలో రాళ్లు. పెద్దాస్పత్రిలో స్కానింగుకి తేదీ ఇచ్చారు. ఆ తేదీ వచ్చింది, పోయింది. ఇంకోటి ఇచ్చారు, అదీ పోయింది. గేటు దగ్గర అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు, "ఎస్కార్ట్ రాలేదమ్మా." ఆవిడ ఎస్కార్ట్ అంటే ఏదో మిషన్ అనుకుంది. "అదెంతుంటుందన్నా, అప్పో సప్పో చేసి మేమే కొనిస్తాం, ఆస్పత్రోళ్ల దగ్గర లేకపోతే" అంది నాతో. అది అమ్మకానికి ఉండదమ్మా అని చెప్పాను గానీ, అది కూడా పూర్తిగా నిజం కాదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

మనలో చాలామందికి తెలియని విషయం, ఖైదీని బయటికి తీసుకెళ్లాల్సింది జైలు వాళ్లు కాదు, పోలీసులు. రెండూ హోం శాఖ కిందే ఉంటాయి గానీ మాట్లాడుకోవాలంటే కాగితం కావాలి. జైలు డాక్టరు "పై ఆస్పత్రికి పంపవలెను" అని రాస్తాడు. సూపరింటెండెంటు సంతకం పెడతాడు. ఆ కాగితం ఆర్మ్‌డ్ రిజర్వ్ హెడ్‌క్వార్టర్స్‌కి వెళ్తుంది. అక్కడ మనుషులుండాలి, బండుండాలి, బండికి డ్రైవరుండాలి, ఆ రోజు కోర్టు వాయిదాలకి తీసుకెళ్లాల్సిన వాళ్లంతా పోగా ఎవరైనా మిగలాలి. వాయిదాకి తీసుకెళ్లకపోతే జడ్జి గారు అడుగుతారు. స్కానింగుకి తీసుకెళ్లకపోతే ఎవరడుగుతారు? కిడ్నీలో రాయి అడుగుతుందా? కాబట్టి కాగితం అక్కడే కూర్చుంటుంది, లోపల మనిషి మూలుగుతూ కూర్చుంటాడు, బయట ఆవిడ గేటు ముందు కూర్చుంటుంది. అందరూ కూర్చునే ఉంటారు, వ్యవస్థలో సమన్వయం లేదని ఎవరన్నారు?

సరే, గ్రహాలన్నీ కుదిరి ఒకరోజు నిజంగానే ఎస్కార్ట్ వచ్చిందనుకుందాం. భద్రతా కారణాల వల్ల ఫలానా రోజు ఆస్పత్రికని ఖైదీకి ముందుగా చెప్పరు, ఇంట్లోవాళ్లకి అసలే చెప్పరు. దాంతో పరగడుపున ఇవ్వాల్సిన రక్తపరీక్షకి మనవాడు ఉప్మా తిని బయల్దేరతాడు. బండి పదకొండు దాటాక ఆస్పత్రికి చేరుతుంది, ఓపీ చీటీల కౌంటరు పన్నెండింటికి మూస్తారు. చేతికి బేడీ, బేడీ రెండో చివర కానిస్టేబులు. (మామూలుగా బేడీలు వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. గువాహటి ఆస్పత్రిలో ఖైదీలను మంచాలకు బేడీలతో కట్టేశారని పాత్రికేయుడు కుల్దీప్ నయ్యర్ లేఖ రాస్తే, మేజిస్ట్రేటు అనుమతి లేనిదే వేయొద్దని 1995లో మళ్లీ చెప్పింది. చెబుతూ ఉండటం కోర్టు ధర్మం.) క్యూలో జనం వాళ్లని చూసి నాలుగడుగులు వెనక్కి జరుగుతారు, అంతవరకు లాభమే.

డాక్టరు గారి దగ్గర అసలు నాటకం మొదలవుతుంది.

"ఏంటి ప్రాబ్లం?" అని డాక్టరు కానిస్టేబుల్ని అడుగుతాడు.

"కడుపునొప్పంట సార్."

"ఎప్పట్నించి?"

కానిస్టేబులు పక్కకి తిరిగి, "ఎప్పట్నించిరా?"

"రెండు నెలల్నించి సార్, నడుం వెనకాల మొదలై..."

"రెండ్నెల్లంట సార్."

తెలుగు నుంచి తెలుగులోకి ఇంత వేగంగా తర్జుమా చేసేవాళ్లు అసెంబ్లీలో కూడా దొరకరు. మధ్యలో నడుం వెనకాల మొదలైందన్న ముక్క ఎగిరిపోయింది, డాక్టరు గ్యాస్ అని రాయడానికి కలం తీశాడు. పాత రిపోర్టులేవి అని అడుగుతాడు. రిపోర్టులు ఇంటి దగ్గర బీరువాలో ఉన్నాయి. సబ్ జైల్లో ఉన్నప్పుడు రాసిన ఫైలు సబ్ జైల్లోనే ఉండిపోయింది, మనిషిని జిల్లా జైలుకి మార్చారు గానీ ఫైలుకి బదిలీ ఉత్తర్వులు రాలేదు. ఖైదీ ఎక్కడికి వెళ్తే అతని వైద్య ఫైలు అక్కడికి వెళ్లాలని ఐక్యరాజ్యసమితి 2015లో మండేలా నియమాల్లో రాసుకుంది. మండేలా 27 ఏళ్లు జైల్లో ఉన్నాడు కాబట్టి ఆయన పేరు పెట్టారు, మన సబ్ జైల్లో ఉండి ఉంటే ఆ నియమం ఇంకాస్త గట్టిగా రాయించేవాడు.

స్కానింగు గది ముందు నర్సు బయటికొచ్చి కేకేస్తుంది, "పేషెంట్ తాలూకు ఎవరమ్మా?"

కానిస్టేబులు చెయ్యెత్తుతాడు.

ఆ మనిషికి ఈ పేషెంటు ఎవరో ఆ పొద్దున్నే తెలిసింది. భుజాన తుపాకీ, ఒక చేతిలో బేడీ గొలుసు, రెండో చేతిలో రక్తం సీసా, ల్యాబ్ ఏ బ్లాకులో ఉందో తెలియదు, కాయితం మీద స్టాంపు కొట్టించుకురమ్మంటే ఖైదీని కూడా లాక్కుంటూ మూడంతస్తులు ఎక్కాలి. వీళ్లని తిట్టబుద్ధి కాదు నాకు. చాలాసార్లు ఖైదీకి టీ, ఇడ్లీ ఇప్పించేది కూడా సొంత డబ్బుతో వీళ్లే. స్కానింగ్ ఆయన "బ్లాడర్ నిండలేదు, నీళ్లు తాగి కూర్చోండి" అంటాడు. మనవాడు తాగుతాడు. ఇంకా తాగుతాడు. కూర్చుంటాడు. ఈలోగా లోపల ఎమర్జెన్సీ కేసొకటి వస్తుంది. మనవాడు బిగపట్టుకుని కూర్చుంటాడు, బేడీ అటు కొస కానిస్టేబులు టైము చూసుకుంటాడు, లాకప్ వేళకి లెక్క అప్పజెప్పాలి, పైగా సాయంత్రం మంత్రిగారి రోడ్ షో డ్యూటీ. చివరికి పేరు పిలిచే సమయానికి ఇద్దరూ బండెక్కేసి ఉంటారు. దారిలో ఎక్కడైనా ఆపండి సార్ అని మనవాడు బతిమాలుకుంటాడు. భద్రతా కారణాల వల్ల ఆపరు.

మళ్లీ కాగితం. మళ్లీ హెడ్‌క్వార్టర్స్.

ఇలా ఉంది కాబట్టి వ్యవస్థకి చేతకాదని తొందరపడి అనేయకండి. ఏదో ఒక పెద్దాయన అరెస్టయ్యే దాకా ఆగండి. పొద్దున రిమాండ్, మధ్యాహ్నానికి ఛాతీలో నొప్పి. ఇక చూడండి. ఎస్కార్ట్ అప్పటికే గేటు ముందుంటుంది, సైరన్ కూడా ఉంటుంది. ఫైలు ఆయన కంటే ముందే ఆస్పత్రికి చేరుతుంది, పాత యాంజియోగ్రాం సీడీతో సహా. ఓపీ చీటీ అనే వస్తువుందని ఆయనకి తెలియనే తెలియదు. బేడీ ఊసే ఉండదు. కార్డియాలజిస్టు, నెఫ్రాలజిస్టు, షుగర్ డాక్టరు, ముగ్గురూ ఒకే మంచం చుట్టూ నిలబడి, పేషెంటుతోనే, స్వయంగా, నోటితో మాట్లాడతారు. బులెటిన్ విడుదలవుతుంది. ఇంటి భోజనం వస్తుంది, ఇంటి పరుపు వస్తుంది, ఏ మాత్ర ఏ వేళకి వెయ్యాలో చూసుకోవడానికి పక్కన మనిషి కూడా ఉంటాడు. పోలీసులు, జైలు, ఆస్పత్రి, కోర్టు, నాలుగూ కలిసి ఇంత చక్కగా పనిచేయడం చూస్తే కళ్లు చెమరుస్తాయి. మా వీధి ఆవిడ కొందామనుకున్న మిషన్ ఇదే. అమ్మకానికి ఉంది, రేటే ఆవిడకి అందదు.

లెక్కలు కూడా చెప్పుకోవాలి కదా, లేకపోతే సీరియస్ వ్యాసం అనరు. 2022 చివరికి మన దేశపు జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు, వందమంది పట్టేచోట 131 మంది చొప్పున. అందులో 75.8 శాతం విచారణ ఖైదీలు, అంటే తప్పు చేశారని ఏ కోర్టూ ఇంకా చెప్పని వాళ్లు. 300 మంది ఖైదీలకి ఒక డాక్టరుండాలని 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ అంటుంది. 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు లెక్కన 775 మందికి ఒకరున్నారు. అంతెందుకు, ప్రతి జైల్లో ఆస్పత్రి ఉండాలని, డాక్టరు కావాలని ఖైదీ అడిగితే ఆలస్యం లేకుండా కబురందించాలని 1894లో తెల్లదొరలు చేసిన చట్టంలోనే ఉంది. మనల్ని జైళ్లలో వేయడం తప్ప వేరే సరదా లేని వాళ్లకే ఆ మాత్రం తోచింది.

ఇక్కడిదాకా ఏదో నవ్వుతూ రాశాను. జార్ఖండ్ ఆదివాసీల కోసం పనిచేసిన ఫాదర్ స్టాన్ స్వామి దగ్గరికొచ్చేసరికి నవ్వు రాదు. 83 ఏళ్ల మనిషి, పార్కిన్సన్స్, గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి నీళ్లు ఒలికిపోతాయి. 2020 అక్టోబరులో అరెస్టు చేశారు. నవంబరు 6న ఒక స్ట్రా, ఒక సిప్పర్ కప్పు ఇప్పించమని కోర్టుని అడిగాడు. జవాబివ్వడానికి, ఆయన్ని అరెస్టు చేసిన జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ 20 రోజులు గడువు కోరింది. గడువయ్యాక వచ్చి చెప్పిందేమిటంటే, ఆయన స్ట్రా గానీ సిప్పర్ గానీ మా దగ్గర లేవు. ఎవరి దగ్గరున్నాయని కాదయ్యా అడిగింది, నీళ్లెలా తాగాలని! ఆ జైలు పక్క కిరాణా కొట్లో స్ట్రా దొరకదా? ఇవ్వడానికి ఒక్క మనిషి లేడా? 2021 జులై 5న బెయిల్ పిటిషన్ హైకోర్టు ముందు విచారణలో ఉండగానే, ఆయన పోయాడని డాక్టరు కోర్టుకి చెప్పాడు.

ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా మన అమలాపురం మనిషి. చిన్నప్పుడే పోలియో, 90 శాతం వైకల్యం, చక్రాల కుర్చీ. మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న కేసులో నాగ్‌పూర్ జైలు అండా సెల్‌లో, అంటే ఒంటరి గదిలో ఉంచారు. వైద్యం కోసం బెయిల్ అడిగితే 2020 జులైలో కాదన్నారు, కొద్ది రోజులకే తల్లి చనిపోతే అంత్యక్రియలకీ పంపలేదు. 2022 అక్టోబరు 14, శుక్రవారం, హైకోర్టు నాగ్‌పూర్ బెంచి కేసు కొట్టేసింది. మర్నాడు శనివారం, సెలవు. అయినా సుప్రీంకోర్టులో ప్రత్యేకంగా బెంచి కూర్చుని ఆ తీర్పుని ఆపేసింది. ఎవరో సిబ్బంది కొరత అన్నారు కదా, సెలవు రోజని, కాగితం కదలదని! లోపలే ఉంచాల్సి వస్తే శనివారం కూడా కదులుతుంది. 2024 మార్చిలో మళ్లీ నిర్దోషి అన్నారు, బయటికొచ్చి లోపల సరైన వైద్యం ఇవ్వలేదని తన నోటితోనే చెప్పాడు, అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో పోయాడు, ఆపరేషన్ తర్వాత. ఏడు నెలలు. అదే కేసులో పాండు నరోటే అనే ఆదివాసీ కుర్రాడు 2022 ఆగస్టులో జ్వరంతో, ఖైదీగానే చచ్చిపోయాడు. రెండు నెలల్లోపే కోర్టు అతన్ని కూడా విడుదల చెయ్యమంది. ఎవర్ని విడుదల చేస్తారు? ఎస్కార్ట్ పంపిస్తారా?

వీళ్ల పేర్లు పేపర్లో వచ్చాయి కాబట్టి మనకి తెలుసు. మా వీధి ఆయన పేరు రాదు. ఆయన తరఫున పరుగెత్తేది ఆవిడే. పొద్దున ఆస్పత్రిలో తేదీ, మధ్యాహ్నం లాయరు, సాయంత్రం ములాఖత్, అక్కడ జాలీకి అటువైపు మొగుడు ఏ మాత్ర అయిపోయిందో అరుస్తాడు, పక్కన ఇంకో పదిమంది అరుస్తుంటారు, ఈవిడ మందుచీటీ వెనకాల రాసుకుంటుంది. బయటి నుంచి మందులు తేవాలంటే లోపలి డాక్టరు రాయాలి, లోపలి డాక్టరు రాయాలంటే బయటి రిపోర్టు చూడాలి, బయటి రిపోర్టు రావాలంటే, అవును, ఎస్కార్ట్ రావాలి. కూలి మానుకుని ఆవిడ చేస్తున్న ఈ పనికి ప్రభుత్వంలో ఒక పోస్టు లేదు.

విడుదలయ్యే వాళ్ల కథ ఇంకొకటి. బెయిల్ కాగితం సాయంత్రం చేరుతుంది, చీకటి పడ్డాక గేటు తెరుస్తారు. టీబీ మందు ఆరు నెలలు మానకుండా మింగాలి, మధ్యలో మానితే ఆ మందుకి లొంగని టీబీ అవుతుందని పల్లెటూళ్లో ఆశా కార్యకర్తకి కూడా తెలుసు. ఇతని మాత్రలు లోపల జైలు ఆస్పత్రి అల్మరాలో ఉంటాయి, అల్మరా తాళం డ్యూటీ దిగిపోయిన కాంపౌండరు దగ్గర ఉంటుంది, ఇతను ఆర్టీసీ బస్సులో ఉంటాడు. ఇతని ఊరి ఆశా కార్యకర్తకి ఫలానా మనిషి వస్తున్నాడమ్మా అని ఫోన్ ఎవరు చేశారు? ఎవరూ చెయ్యలేదు. ఎందుకంటే అది ఎవరి డ్యూటీ అని ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

రాయండి. ప్రతి సెంట్రల్ జైలుకీ, జిల్లా జైలుకీ ఒక్క మనిషి. తుపాకీ అక్కర్లేదు, యూనిఫాం అక్కర్లేదు. ఎవరి ఫైలు ఎక్కడుందో, ఎవరి తేదీ ఎప్పుడో, ఎస్కార్ట్ రాకపోతే ఎవరి పీక మీద కూర్చోవాలో తెలిసిన మనిషి, ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తే ఎత్తే మనిషి. ఆ పేరూ, నంబరూ గేటు బయట బోర్డు మీద, ములాఖత్ వేళల పక్కనే, ఆవిడకి కనిపించేంత పెద్ద అక్షరాలతో రాయించండి. పెయింటు డబ్బులు లేవంటే చెప్పండి, మా వీధిలో చందాలేసుకుంటాం.