ప్రపంచాన్ని కాపాడాక పాలు తాగి పడుకోవాలి

మా మేనకోడలికి ఐదేళ్ళు. మొన్న ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి అది సముద్రాల్ని శుభ్రం చెయ్యడం మొదలుపెట్టింది. ఎనిమిది నలభై ఒకటికల్లా అయిపోయింది. మధ్యలో ఒక పాట కూడా పాడింది. ఆ తర్వాత ఎడమ చెప్పు కుడి కాలికి, కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

దీన్ని తేలిగ్గా తీసుకునే మనిషిని కాను నేను. పిల్లల విద్యా కార్యక్రమాలు ఈమధ్య తలకెత్తుకుంటున్న విషయాలు చూస్తుంటే, మా తరం వాళ్ళం ఎంత అల్పసంతోషులమో తలుచుకుని సిగ్గేస్తోంది. మాకు టీవీలో అంకెలు చెప్పారు, అక్షరాలు చెప్పారు, మరీ హుషారెక్కితే పైన-కింద, లోపల-బయట చెప్పారు. సరిపెట్టుకున్నాం. ఇప్పుడు అదే వయసు వాళ్ళకి వాతావరణ మార్పు, నాయకత్వం, కోడింగ్, ధ్యానం, వైఫల్యాన్ని చిరునవ్వుతో స్వీకరించడం. ఒక కుందేలు తెర మీదకి దూకి "నువ్వు చెయ్యగలవు!" అంటుంది. ఏం చెయ్యాలో తర్వాత చెబుతుంది. ముందు ఒప్పించి ఆ తర్వాత పని అప్పజెప్పడం ఆఫీసుల్లో పనిచేసిన ఎవరికైనా తెలిసిన పద్ధతే.

టైము విషయంలో మాత్రం వీళ్ళకి చెయ్యెత్తి మొక్కాలి. అరగంట స్లాటులో ప్రకటనలు పోగా రెండు కథలు పట్టాలి కాబట్టి ఒక్కో కథకి 11 నిమిషాలు అన్నది కార్టూన్ పరిశ్రమలో ఎప్పట్నుంచో ఉన్న కొలత. ఏ సంక్షోభమైనా ఆ కొలతలోనే ఇమడాలి. వాతావరణం మీద ఐక్యరాజ్య సమితి సదస్సులు 1995లో బెర్లిన్‌లో మొదలయ్యాయి. దాదాపు ఏటా జరుగుతున్నాయి. రాత్రంతా మేలుకుని వాదించుకుంటారు, ఒక్క మాట దగ్గర ఆగిపోతారు, గడువు దాటినా కుర్చీలు వదలరు. ఇంకా తేలలేదు. కుందేలుకి 11 నిమిషాల్లో ఎలా తేలిందా అని ఆలోచిస్తే నాకు కనిపించిన తేడా ఒక్కటే. సదస్సులో పాట లేదు.

ఈ కార్యక్రమాలు పుట్టే గదిలో నేనెప్పుడూ కూర్చోలేదు. కానీ ఊహించుకోవడానికి పాస్ అక్కర్లేదు కదా.

"వచ్చే సీజన్‌కి ఏం పెడదాం?"

"సమాజంలో అసమానతలు."

"నాలుగేళ్ళ వాళ్ళకా?"

"ఉడత చేత చెప్పిద్దాం సార్."

"ఒక్క ఉడత వల్ల అవుతుందా?"

"స్నేహితులు సాయం చేస్తారు. ఆరుగురు."

"బాగుంది. ఆరుగురిలో బొమ్మలుగా అమ్ముడుపోయేవాళ్ళు ఎంతమంది?"

సముద్రం కథ నేనూ పక్కన కూర్చుని చూశాను కాబట్టి ఒక సంగతి చెప్పగలను. మొదట్లో సముద్రం నీలంగా ఉంటుంది. చేపలు నవ్వుతుంటాయి. ఉన్నట్టుండి చెత్త వస్తుంది. "అయ్యో, చెత్త వచ్చేసింది!" అంటుంది తాబేలు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ అడగరు. వాన వచ్చినట్టు, జలుబు వచ్చినట్టు, చెత్త వచ్చింది. బళ్ళో మనకి కర్త, కర్మ, క్రియ అని నేర్పారు గుర్తుందా? పిల్లల టీవీ వ్యాకరణంలో సమస్యకి కర్త ఉండడు. అడవి తరిగిపోతుంది, గాలి పాడవుతుంది, మంచు కరిగిపోతుంది. అన్నీ వాటంతటవే. పరిష్కారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కర్త ఠంచనుగా ప్రత్యక్షమవుతాడు. వాడి ఎత్తు మూడడుగులు. వాడికింకా పళ్ళూడే వయసు కూడా రాలేదు. ఈ ఏర్పాటుకే సాధికారత అని పేరు పెట్టుకున్నాం. పేరు బాగుంది. చేతులు దులుపుకోవడం అంటే మర్యాదగా ఉండదు.

విద్య అనే మాటని ఇంత విశాలంగా వాడుకోవడం ఈనాటి కళ కాదులెండి. అమెరికాలో 1990లో పిల్లల టెలివిజన్ చట్టం వచ్చింది. లైసెన్స్ పొడిగించుకోవాలంటే ప్రతి స్టేషనూ పిల్లల చదువుకి తానేం చేసిందో చెప్పుకోవాలి. కొన్ని స్టేషన్లు ఏమాత్రం తడబడకుండా ‘ద జెట్సన్స్’, ‘ద ఫ్లింట్‌స్టోన్స్’ కార్టూన్లని విద్యా కార్యక్రమాల జాబితాలో రాసిచ్చాయి. మొదటిదాంట్లో ఎగిరే కార్లున్నాయి కాబట్టి అది రాబోయే కాలం గురించి పాఠం. రెండోదాంట్లో మనుషులు రాతియుగంలో ఉంటూ డైనోసార్‌ని పెంచుకుంటారు. ఆ లెక్కన అది చరిత్ర అయ్యుండాలి. ఫ్లింట్‌స్టోన్స్ లాంటివి విద్య కిందకి రావని 1993లో సాక్షాత్తూ నియంత్రణ సంస్థ నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది. 1996లో విద్యా కార్యక్రమాలు వారానికి 3 గంటలు వెయ్యాలని లెక్క కూడా పెట్టారు. అప్పట్నుంచి పరిశ్రమ దారిలో పడింది. డైనోసార్‌ని పెంచుకోవడం మానేసి, డైనోసార్ చేత భావోద్వేగాల గురించి మాట్లాడిస్తోంది.

ఇంత ప్రగతి సాధించాక వెనక్కి తిరిగి పాతవాళ్ళ పనితీరుకి మార్కులు వేస్తే నిరాశే మిగులుతుంది. ఫ్రెడ్ రోజర్స్ అనే ఆయన సంగతే తీసుకోండి. 1968 నుంచి 2001 దాకా అమెరికాలో పిల్లలకి కార్యక్రమం చేశాడు. ఇంట్లోకి వచ్చి, కోటు విప్పి, స్వెట్టర్ వేసుకుని, బూట్లు మార్చుకునేవాడు. ఆ బూట్లు మార్చుకోవడంలో పోయే టైములో మన కుందేలు ఒక నదిని బాగుచేసేది. పోనీ ఎత్తుకున్న విషయమైనా గొప్పదా అంటే, బాత్‌టబ్‌లో నీళ్ళు పోయే కన్నం! స్నానం చేస్తుంటే నీళ్ళతో పాటు ఆ కన్నంలోంచి తామూ జారిపోతామేమోనని చిన్నపిల్లలు భయపడతారట. నువ్వు పోవు, అందులో పట్టవు అని ఆయన పాట కట్టాడు. దీనివల్ల భూగోళానికి ఒరిగిందేమిటి? నాయకత్వ లక్షణాలు ఎక్కడ? ఆ పాట విన్న పిల్లలు ప్రపంచాన్ని మార్చకుండా నిశ్చింతగా స్నానం చేసి వచ్చేశారు.

అదే మనిషి 1968 జూన్‌లో, రాబర్ట్ కెన్నెడీ హత్య జరిగిన ఒకటి రెండు రోజులకే, ఒక ప్రత్యేక కార్యక్రమం చేశాడు. అందులో డానియల్ అనే చిన్న పులి బొమ్మ ఒకావిడని బుడగ ఊదమంటుంది. ఊదుతుంది. గాలి వదిలెయ్యమంటుంది. వదిలేస్తుంది. ఆ గాలంతా ఎక్కడికి పోయిందని అడుగుతుంది. కాస్త అటూ ఇటూ మాట్లాడి, హత్య అంటే ఏమిటి అంటుంది. ఇళ్ళల్లో టీవీలు రాత్రీ పగలూ ఆ మాటే మోగిస్తున్న రోజులవి. పిల్లలున్నారు, వింటున్నారు అని గుర్తొచ్చింది ఆ ఒక్క పులికే. సరే, హింసని అరికట్టడానికి ఐదు మార్గాలు పిల్లలకి చెప్పే అవకాశం చేతిలో ఉండి కూడా ఆయన వాడుకోలేదు. ఇక్కడా మార్కులు తగ్గించక తప్పదు.

‘సెసమీ స్ట్రీట్’ అనే అమెరికా పిల్లల కార్యక్రమం పరిస్థితీ అంతే. 1969లో మొదలైంది, అక్షరాలూ అంకెలూ బాగానే చెప్పింది. 1982 చివర్లో అందులో కొట్టు నడిపే మిస్టర్ హూపర్ వేషం వేసే విల్ లీ పోయారు. ఆయన స్థానంలో ఇంకొకర్ని పెట్టొచ్చు, హూపర్ ఎక్కడికో వెళ్ళి స్థిరపడ్డాడని ఒక్క ముక్కలో తేల్చెయ్యొచ్చు. టీవీకి అలవాటైన పనులే. వాళ్ళు మాత్రం మానసిక నిపుణుల్ని అడిగి తెలుసుకుని, 1983 నవంబరులో, ఆయన చనిపోయాడని చెప్పారు. బిగ్ బర్డ్ అనే ఆ పెద్ద పసుపు పక్షి అందరి బొమ్మలూ గీసి తెచ్చి పంచుతుంది. హూపర్ బొమ్మ చేతిలో మిగిలిపోతుంది. ఆయన తిరిగొచ్చాక ఇస్తానంటుంది. తిరిగి రారని పెద్దవాళ్ళు చెబుతారు. ఎందుకిలా జరగాలి అని అడుగుతుంది. వాళ్ళ దగ్గర జవాబు లేదు. అలాగే, అంతే, అంటారు. చెప్తున్నవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు.

ఈ ఎపిసోడ్‌ని ఇప్పుడు ఎవరైనా రాసుకొస్తే గుమ్మంలోంచే పంపించేస్తారు. పక్షికి కార్యాచరణ ఏదీ? దుఃఖాన్ని శక్తిగా మార్చుకునే పాట ఏదీ? పెద్దవాళ్ళు మాకు తెలియదని ఒప్పుకోవడం ఏమిటి, పిల్లల మీద ఎలాంటి ప్రభావం పడుతుంది?

ఇంకో ఉదంతం ఉంది. బిగ్ బర్డ్‌కి స్నఫీ అని ఏనుగంత స్నేహితుడు. 1971లో వచ్చాడు. అతను తెర మీదకి వచ్చినప్పుడల్లా పెద్దవాళ్ళు అవతలికి వెళ్ళిపోతారు, తిరిగొచ్చేసరికి అతను ఉండడు. అదంతా నీ ఊహ అని పక్షి మాట కొట్టిపారేస్తారు. ఏళ్ళ తరబడి నడిచిన జోకు అది. తర్వాత తీసేవాళ్ళకే భయం పట్టుకుంది. నిజం చెబుతున్న పిల్లని తెర మీద పెద్దవాళ్ళు రోజూ నమ్మకపోతే, ఇంట్లో నిజంగా ఎవరైనా తప్పుగా ప్రవర్తించినప్పుడు చెప్పినా ఎవరు నమ్ముతారులే అని చూసే పిల్లలు నోరు మూసుకుంటారు కదా. 1985లో పెద్దవాళ్ళందరికీ స్నఫీ కనిపించేలా చేశారు. ఇక్కడ నాకు ఒక సాంకేతిక అభ్యంతరం ఉంది. పిల్లకి సాధికారత ఇవ్వాల్సిన చోట పిల్లని ఉన్నచోటే ఉంచి, పెద్దవాళ్ళని మార్చారు. ఇది ఆట నియమాలకే విరుద్ధం.

1992లో ఇదే బృందం స్నఫీ తల్లిదండ్రులు విడాకులు తీసుకున్నట్టు ఒక ఎపిసోడ్ తీసింది. ప్రసారానికి ముందు కొందరు చిన్నపిల్లలకి చూపించి చూశారు. పిల్లలు ఇంకోలా అర్థం చేసుకున్నారు. అమ్మానాన్నా గొడవపడితే విడిపోతారన్నమాట అని బెంగపెట్టుకున్నారు. ఖర్చుపెట్టి తీసిన ఎపిసోడ్‌ని అలాగే బీరువాలో పెట్టేశారు. చూస్తున్నవాళ్ళు ఏమనుకుంటున్నారో అడిగి, దాన్ని బట్టి నిర్ణయం మార్చుకోవడం! ఇలా అయితే ఏ పరిశ్రమ బతికి బట్టకడుతుంది?

అడగడం అంటే గుర్తొచ్చింది. 1996లో ‘బ్లూస్ క్లూస్’ అని ఒకటి మొదలైంది. అందులో యాంకర్ కెమెరాలోకి చూసి ప్రశ్న అడిగి, ఆగేవాడు. నిజంగానే ఆగేవాడు. ఒకే ఎపిసోడ్‌ని వరసగా 5 రోజులు వేసేవారు. పిల్లలు మొదటి రోజు చూస్తారు, వారం చివరికి జవాబులు అరుస్తారు. తర్వాత చాలామంది ఆ ఆగడాన్ని కాపీ కొట్టారు. కొండని వెనకాలే పెట్టుకుని "కొండ ఎక్కడుంది?" అని అడిగే పద్ధతి అక్కణ్ణుంచి ఊపందుకుంది. పెద్దలం నవ్వుకుంటాం. నవ్వేముందు ఒక్కసారి ఆలోచించండి, మన ఇళ్ళల్లో పెద్దమనిషి ఒకడు పిల్లని ఏదైనా అడిగి, జవాబు వచ్చేదాకా ఫోన్ చూసుకోకుండా నిలబడటం ఆఖరిసారి ఎప్పుడు జరిగింది? మా ఇంట్లో అయితే ఆ పని చేసేది టీవీ ఒక్కటే.

ఆదివారం సంగతికి వస్తాను. బాల్కనీలోంచి వచ్చిన పిల్ల దాహం వేసి, తనే నీళ్ళు పోసుకుంటానని జగ్గు అందుకుంది. రెండు చేతులతో పట్టుకుంది. నాలుక బయటపెట్టి గ్లాసు వైపే చూస్తోంది. జగ్గు వంగింది, మూతి దాకా నీళ్ళు వచ్చాయి, ఇంకో క్షణంలో పడతాయి. అంతలో మా అక్క వంటింట్లోంచి, మా బావ సోఫాలోంచి, నేను కుర్చీలోంచి ముగ్గురం ఒకేసారి "వద్దు వద్దు, ఒలకబోస్తావ్!" అన్నాం. బావ జగ్గు లాక్కుని ఆయనే పోసి ఇచ్చాడు. కొంచెం ఒలికింది కూడా. గంట కిందట ఏడు సముద్రాలు ఆ పిల్ల చేతిలో పెట్టినప్పుడు ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

అది గ్లాసు పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది.

"మావయ్యా, ఆ చెత్తంతా ఎవరు వేశారు?"

నేను తాబేలు చెప్పినదే చెప్పబోయాను. వచ్చేసిందమ్మా అని. పిల్ల నా మొహంలోకే చూస్తోంది, బ్లూస్ క్లూస్ వాడిలా ఆగి మరీ.

"పెద్దవాళ్ళు," అన్నాను.

"ఏ పెద్దవాళ్ళు?"

"చాలామంది."

"నువ్వు కూడానా?"

"కొంచెం."

అది ఒక గుక్క నీళ్ళు తాగింది. "మరి నువ్వే తియ్యి."

రిమోట్ నా చేతికి దగ్గర్లోనే ఉంది. తర్వాతి ఎపిసోడ్ పెట్టాను. ఈసారి అడవులు.